గుట్టలను చదవడం: కాప్రా చుట్టూ ఒక అధ్యయన యాత్ర

మన విద్యార్థుల్లో చాలామందికి యాత్ర అనగానే ఊటీ, మనాలీ మనసులో మెదులుతాయి. ఇంకొంచెం పెద్ద కలలు కనేవారికి ఆల్ప్స్ పర్వతాలు. ఆల్ప్స్ చూడాలనుకోవడంలో తప్పేమీ లేదు. కాని ఒక పాత ఊరిని, దాని చుట్టూ ఉన్న ప్రకృతిని కలిపి చదవడం ఎట్లాగో తెలిస్తే, ఆ చదువును బస్సు టికెట్టు ఖర్చుతో మన కాప్రా నుంచే మొదలు పెట్టవచ్చును. ఆ సంగతి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హాల్‌స్టాట్ నేర్పే పాఠం

ఆస్ట్రియా దేశంలో హాల్‌స్టాట్ అనే చిన్న ఊరు కలదు. ముందు సరస్సు, వెనుక డాక్‌స్టైన్ పర్వతం, ఆ రెంటి నడుమ ఇరుకు నేలమీద ఇండ్లు. ఊరి జనాభా వెయ్యి కూడా ఉండదు. ఊరి పైన కొండలో ఉప్పు గనులున్నవి. 1846లో ఆ గని అధికారి రామ్‌సావర్ అక్కడ ఒక పురాతన శ్మశానాన్ని కనిపెట్టి, సుమారు వెయ్యి సమాధులను త్రవ్వించి, వాటి వివరాలను బొమ్మలతో సహా నమోదు చేయించినాడు. ఐరోపాలో తొలి ఇనుపయుగానికి ఈ ఊరి పేరే పెట్టారు. గని లోపల ఉప్పు మూలంగా కుళ్లిపోకుండా మిగిలిన కొయ్య మెట్లు కూడా దొరికాయి. కలపలోని వలయాలను లెక్కించి అవి క్రీ.పూ. 14వ శతాబ్దానివని తేల్చారు.

1997లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక చర్చినో, ఒక గనినో విడిగా చేర్చలేదు. ఊరు, సరస్సు, కొండ అన్నిటినీ ఒకటిగా చేర్చింది. మనం గమనించవలసిన విషయం ఇదే. 2012లో చైనాలో హాల్‌స్టాట్‌కు నకలుగా ఒక ఊరినే కట్టారు. ఇండ్లకు నకలు కట్టవచ్చు గాని వెనుకనున్న పర్వతానికి నకలు ఎవరు కట్టగలరు?

మౌలాలి గుట్ట

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కాప్రాకు దక్షిణాన కొద్ది కిలోమీటర్ల దూరంలో మౌలాలి గుట్ట ఉంది. ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) కాలంలో యాకూత్ అనే రాజోద్యోగికి కలలో హజ్రత్ అలీ ఈ గుట్టమీద కనిపించారని, మేల్కొన్నాక అక్కడి రాతిమీద చేతిగుర్తు దొరికిందని సంప్రదాయ కథ. అందుకే ఆ దర్గా, ఆ మెట్లు, ఏటేటా జరిగే ఉర్సు. గుట్ట పాదంలో ఉర్దూ కవయిత్రి మహ్ లఖా బాయి చందా (1768–1824) సమాధి ఉంది. తన తల్లికోసం ఆమె కట్టించిన ఆవరణలోనే ఆమెనూ ఖననం చేశారు.

వీటన్నిటికంటే పాత సంగతి ఒకటి ఉంది. మౌలాలి ప్రాంతంలో ఇనుపయుగపు బృహత్ శిలా సమాధులు బయటపడ్డాయి. హాల్‌స్టాట్‌లో మాదిరిగానే ఇక్కడ కూడా ఇనుము వాడిన మనుషులు గుట్ట చెంత తమ వారిని పాతిపెట్టి, చుట్టూ రాళ్లు పేర్చినారు. అక్కడ ఆ సమాధులను చూడడానికి ప్రపంచమంతా వస్తుంది. ఇక్కడ మాత్రం రోజూ మౌలాలి మీదుగా కాలేజీకి వచ్చే మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

బండలు ఎందుకు గుండ్రంగా ఉన్నాయి?

మన గుట్టల రాయి గ్రానైటు. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఆల్ప్స్ పర్వతాలు లేచింది గత కొన్ని కోట్ల ఏండ్లలోనే. అంటే మన గుట్టల ముందు ఆల్ప్స్ పసిపిల్లలు. అవి ఎత్తుగా ఉన్నది వయసులో చిన్నవి కాబట్టే. మన రాయిని వానా ఎండా అరగదీయడానికి చాలినంత కాలం దొరికింది.

గ్రానైటు భూగర్భంలో బహు నెమ్మదిగా చల్లారిన రాయి. అందువల్ల దానిలోని క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం పలుకులు కంటికి కనబడేంత పెద్దవిగా ఉంటాయి. పైనున్న బరువు తొలగిపోయిన కొద్దీ ఈ రాయి అడ్డంగా, నిలువుగా పగుళ్లు తీసి పెద్ద పెద్ద దిమ్మెలుగా విడిపోతుంది. మట్టిలో పూడి ఉండగానే ఆ పగుళ్లలోకి నీరు దిగుతుంది. దిమ్మె ముఖం మీద నీరు ఒక వైపునుంచే పనిచేస్తుంది. అంచు మీద రెండు వైపుల నుంచి, మూల మీద మూడు వైపుల నుంచి. కనుక మూలలు ముందు అరిగి దిమ్మె గుండవుతుంది. ఫెల్డ్‌స్పార్ బంకమట్టిగా మారుతుంది, క్వార్ట్జ్ ఇసుకగా మిగులుతుంది. ఆ మెత్తని భాగమంతా కొట్టుకుపోగా గుండ్లు ఒకదానిమీద ఒకటి నిలబడిపోతాయి. వాటిని అక్కడ ఎవరూ ఎత్తి పెట్టలేదు, చుట్టూ ఉన్న మట్టి దిగిపోయిందంతే.

ఆ కొట్టుకుపోయిన భాగమే మన మొరం, మన చెల్క నేల. రైతు దున్నే భూమి అంటే ఒకప్పటి గుట్టే.

గుట్టకూ చెరువుకూ బంధుత్వం

డాక్‌స్టైన్ రాయి సున్నపురాయి. అది కొంచెం కొంచెంగా నీటిలో కరుగుతుంది. వాననీరు దానిలో సొరంగాలు, గుహలు చేసుకుని లోపలికి పోతుంది. గ్రానైటు అట్లా కరగదు, దానిమీద పడిన నీరు పడినట్లే దిగువకు జారుతుంది. ఒక హెక్టారు మీద ఒక సెంటీమీటరు వాన పడితే అది లక్ష లీటర్ల నీరు. బోడబండ మీద పడితే అందులో ఎక్కువ పాలు కిందికే వస్తుంది. మన పెద్దలకు హెక్టారు లెక్క తెలియదు గాని, గుట్ట దిగువన ఎక్కడ కట్ట వేయాలో బాగా తెలుసు. ఒక చెరువు అలుగు దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరేటట్లు గొలుసుకట్టుగా కట్టుకుంటూ పోయారు.

కాప్రా చెరువు కూడా ఒకప్పుడు అట్లాంటి సాగుచెరువే. ఇప్పుడు దాని చుట్టూ కాలనీలున్నవి. కట్టమీద నిలబడితే ఒక పక్క కొంగలు కనబడతాయి, మరొక పక్క గుర్రపు డెక్క. మురుగునీటితో వచ్చే నత్రజని, భాస్వరం ఆ మొక్కకు ఎరువు. అది నీటిపైన చాపలా పరుచుకుంటే వెలుతురు లోపలికి పోదు, ఆ మొక్క చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది. చేపలకు ఊపిరాడదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మాది వ్యవసాయ కుటుంబం. మా ఊరి గుట్ట పక్కన మాకు రెండెకరాలు, ఒక బావి ఉన్నవి. గుట్టను కంకర చేయడానికి ఒకరు వచ్చి, మా రెండెకరాలు కూడా అడిగారు. వాళ్లు ఇస్తామన్న పైకం మాకు ఎన్నో ఏండ్ల పంటకు సమానం. పోయిన సెలవుల్లో మా నాయిన నన్ను అడిగిండు: "బిడ్డా, గుట్ట పోతే ఈ బావిల నీళ్లుంటయా? సైన్సు చదువుతున్నవ్ గద, చెప్పు."

నేను చెప్పింది ఇది. గ్రానైటు దేశంలో నీరు నిలిచేది రెండు చోట్లనే, పైనున్న మొరం పొరలో, దాని కింది పగుళ్లలో. గుట్ట మీద జారిన నీరు పాదంలోని మొరంలో ఇంకి బావికి వస్తుంది. గుట్టను నేలమట్టానికి కొట్టి, అంతటితో ఆగక ఇంకా లోతుకు పోతే ఆ గుంతే అన్నిటికంటే పల్లం అవుతుంది. గుంతలో ఊరిన నీటిని మోటర్లు పెట్టి తోడి పారేస్తే చుట్టూ బావుల మట్టం దిగుతుంది. ఎంత దిగుతుందన్నది దూరాన్ని బట్టి, లోతును బట్టి, పగుళ్లు పోయే దారిని బట్టి ఉంటుంది.

మా నాయిన కాసేపు ఊకున్నడు. "పైసలు ఒక్కసారే వస్తయి, నీళ్లు ఏటేటా రావాలె" అన్నడు. అయినా అప్పు ఉంది, చెల్లె పెండ్లి ఉంది. ఇప్పటికైతే సంతకం పెట్టలేదు.

కీసరగుట్ట మీద ఒక తెలుగు మాట

ఈసీఐఎల్ చౌరస్తా నుండి గంటలోపు బస్సు ప్రయాణం కీసరగుట్ట. శివరాత్రి జాతరకు పోనివారు మనలో తక్కువ. గుట్ట నిండా ఆరుబయట కనిపించే లింగాలన్నీ, ఆలస్యంగా వచ్చిన హనుమంతుడు కోపంతో విసిరినవని కథ. హనుమంతుని తండ్రి కేసరి పేరుమీదనే కేసరిగిరి, అదే కీసర అయిందంటారు. చరిత్రకారులకు ఇది విష్ణుకుండిన రాజుల చోటు. ఆనాటి ఇటుక కట్టడాల పునాదులు ఇక్కడ బయటపడినవి.

ఆ గుట్ట దగ్గర ఒక గుండుమీద చిన్న శాసనం ఉంది. "తొలుచువాండ్రు" అని దాన్ని చదివినారు. ఐదవ శతాబ్దం నాటిదని పరిశోధకుల నిర్ణయం. తెలుగు మాట కనిపించే అతి పాత శాసనాలలో ఇదొకటి. రాజు బిరుదు కాదు, దేవుని పేరు కాదు. రాయి తొలిచే పనివాళ్ల పేరు! పదిహేను వందల ఏండ్ల క్రిందట మన గుట్టమీద ఉలి పట్టినవారు తమను తాము తెలుగులో చెప్పుకున్నారు. వారు కూడా రాయిని కొట్టినవారే. కాని వారు కొట్టగా రాయి మిగిలింది, దానితో పాటు ఒక మాట కూడా మిగిలింది. నేటి యంత్రం కొట్టిన చోట మిగిలేది గుంత మాత్రమే. ఇండ్లకు కంకర అక్కరలేదని నేను అనను. అయితే ఏ గుట్టను కొట్టవచ్చు, ఏది చెరువుకు తల్లి, ఏది చరిత్రకు సాక్షి అని ముందు చూసి తేల్చుకోవాలి. హైదరాబాదులో 1996లోనే బండల రక్షణకొక సంఘం ఏర్పడింది. అంటే ఈ ఆలోచన మనకు కొత్తది కాదు.

మనం చేయదగినవి

విద్యార్థి మిత్రులకు నా మనవి ఇది. వచ్చే సంవత్సరం విహారయాత్రతో పాటు ఒక ఆదివారం అధ్యయన యాత్ర కూడా పెట్టుకుందాం. భూగర్భశాస్త్రం వారు పగుళ్ల దిశలు కొలవవచ్చు. రసాయనశాస్త్రం వారు కాప్రా చెరువు నీటిలో కరిగిన ప్రాణవాయువును వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి లెక్కించవచ్చు. వృక్షశాస్త్రం వారికి బండ సందుల్లో మొలిచే మర్రి, రావి, సీతాఫలం ఉన్నవి. జంతుశాస్త్రం వారికి వానాకాలంలో ఎర్రని వీపుతో బండలెక్కి తల ఊపే రాతి తొండ ఉంది. చరిత్ర, తెలుగు శాఖల వారు కీసరగుట్ట శాసనం ముందు మాకు పాఠం చెప్పాలి.

ఆ కొలతలన్నీ ఒక నోటు పుస్తకంలో తేదీలతో రాసి మన లైబ్రరీలో ఉంచుదాం. పదేండ్ల తర్వాత ఏదో ఒక ఊరి రైతు "గుట్ట పోతే నీళ్లుంటయా?" అని అడిగితే, మనవాడెవడో ఆ పుస్తకం తెరిచి అంకెలతో జవాబు చెప్పగలగాలి.