తెర వెలుగు - గది వెలుగు

ఇంద్రియములలో నేత్రము ప్రధానమని పెద్దలు చెప్పుదురు. నేటి కాలమున ఆ నేత్రములకు పని మిక్కిలి పెరిగినది. పాఠములు, వార్తలు, వినోదములు టెలివిజను, కంప్యూటరు, సెల్‌ఫోను తెరలమీద కానవచ్చుచున్నవి. తెరను చూచునప్పుడు గదిలో దీపము ఉండవలెనా, వలదా? ప్రశ్న చిన్నదైనను తెలిసికొనదగినది.

కంటి నడుమ నల్లగా కనబడు కనుపాప నిజమునకు ఒక రంధ్రము. దాని గుండానే వెలుతురు లోనికి ప్రవేశించును. మంచి ఎండలో అది సుమారు 2 మిల్లీమీటర్లకు కుంచించుకొనును. చీకటిలో 8 మిల్లీమీటర్ల వరకు విప్పారును. చీకటి గదిలో ఒక్క తెర మాత్రమే ప్రకాశించుచున్నచో, మిక్కుటమైన వెలుగునకును, చుట్టునున్న చీకటికిని కన్ను మాటిమాటికి సర్దుకొనవలసి వచ్చును. అందుచే కన్నులు అలయును, తలనొప్పియు కలుగవచ్చును.

అట్లయిన సినిమాహాలులోని చీకటి కన్నులను అంతగా ఏల బాధింపదు? సాధారణముగా సినిమాతెర తానుగా వెలుగదు. ప్రొజెక్టరు కాంతిని ప్రతిఫలింపజేయును. దాని ప్రకాశము చదరపు మీటరునకు సుమారు 48 క్యాండెలాలు మాత్రమే. వెలుగు పూర్తిగా పెంచిన సెల్‌ఫోను తెర ప్రకాశము దానికి అనేక రెట్లుండును. పైగా సినిమాతెర విశాలమైనది, దూరముననున్నది. సెల్‌ఫోను చిన్నది, కన్నులకు చేరువనున్నది.

గదిలో వెలుతురు మితిమీరినను చిక్కే. కిటికీ వీపువెనుకనున్నచో దాని నీడ తెరపై మెరయును. తెరవెనుకనున్నచో కన్నులు జిగేలుమనును. కావున కిటికీ ప్రక్కగా నుండునట్లు కూర్చుండవలెను. రాత్రివేళ టెలివిజను వెనుక గోడపై మెత్తని వెలుగు పడునట్లు దీపమమర్చుట మేలు. తెరప్రక్కన తెల్లకాగితము పట్టి చూడుడు. తెరయందలి తెలుపు కాగితముకంటె దీపమువలె వెలిగినచో దాని కాంతిని తగ్గింపవలెను. బూడిదరంగుగా తోచినచో పెంచవలెను.

వెలుతురు సరిపడినను విశ్రాంతి అవసరమే. తెరను చూచునప్పుడు రెప్పపాట్లు తగ్గి కన్నులు పొడిబారును. ప్రతి 20 నిమిషములకు ఒకసారి, 20 అడుగుల దూరమందలి వస్తువును 20 సెకండ్లు చూచుట మంచి అలవాటు.

చీకటిలో తెర చూచినంతమాత్రమున చూపు పోదు. ఈ అలసట విశ్రాంతిచే తీరును. అయితే విశ్రాంతి తీసికొన్నను నల్లబల్లమీది అక్షరములు మసకగా కనబడినచో ఆ దోషమును దీపముపై మోపరాదు. అట్టి బాలబాలికలు దాచక తల్లిదండ్రులకు చెప్పి, నేత్రవైద్యునిచే పరీక్ష చేయించుకొనవలెను.