నక్షత్రం, ప్రశ్నార్థకం: ఫైళ్లను వెదకు విధానం

పేరు పూర్తిగా తెలిసిన ఫైలును కంప్యూటరులో తెరవడం సులభమే. పేరులో కొంత భాగమే తెలిసినప్పుడు, లేదా ఒకే తీరు పేర్లు గల ఫైళ్లన్నీ ఒక్కసారిగా కావలసినప్పుడు ఏమి చేయాలి? తెలిసిన అక్షరాలను అట్లే వ్రాసి, తెలియని చోట ఒక గుర్తును నిలపాలి. ఇట్టి పేరును నమూనా అందాము.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్స్ వ్యవస్థలో 1971 నాటికే ఈ పనికై 'గ్లాబ్' అను ప్రత్యేక ప్రోగ్రాము ఉండేది. 'గ్లోబల్' అను మాటకు అది కుదింపు. 1991లో వెలువడిన పైథాన్ భాషలోనూ అదే పేరు గల మాడ్యూలు ఉన్నది. దానికి నమూనాను అందించినచో, సరిపోయిన పేర్ల జాబితాను మన చేతికిస్తుంది.

ముఖ్యమైన గుర్తులు మూడు:

1. నక్షత్రం (*): ఎన్ని అక్షరాలకైనా సరిపోతుంది, అక్షరమేదీ లేకున్నా సరిపోతుంది.

2. ప్రశ్నార్థకం (?): ఒకే ఒక్క అక్షరానికి సరిపోతుంది.

3. చదరపు కుండలీకరణం: [1-5] అనగా 1 నుండి 5 వరకు గల అంకెలలో ఏదో ఒకటి.

వీనిని ఏమరుపాటుగా వాడినందువలన కలిగిన నష్టాన్ని నా అనుభవం నుండే చెప్పుతాను. ఒక సంచికకు వచ్చిన పన్నెండు రచనలను 'వ్యాసం1' మొదలు 'వ్యాసం12' వరకు పేర్లు పెట్టి భద్రపరచినాను. 'వ్యాసం?' అను నమూనాతో జాబితా తీసినాను. తొమ్మిది వచ్చినవి. 10, 11, 12 సంఖ్యలలో రెండేసి అంకెలున్నందున ఆ మూడూ జారిపోయినవి. కంప్యూటరు తప్పు అని చెప్పలేదు, అడిగినదే ఇచ్చినది. ఒక విద్యార్థి వచ్చి "సార్, నా వ్యాసం లేదేమండీ?" అని అడిగిన తరువాతనే నాకు తెలిసినది.

అప్పుడు 'వ్యాసం[1-12]' అని దిద్దినాను. రెండే వచ్చినవి! కుండలీకరణం ఒక్క అక్షరాన్నే చూస్తుంది గనుక, దాని అర్థం 1 లేక 2 అని మాత్రమే. 'వ్యాసం*' అని వ్రాసినచో పన్నెండూ వచ్చినవి గాని, వాటితో 'వ్యాసం-పాతది' కూడ వచ్చినది. చివరకు పేర్లనే 01, 02 అని రెండంకెలకు మార్చి, 'వ్యాసం[0-9][0-9]' అని వ్రాయగా లెక్క కుదిరినది.

తెలుగు పేర్ల విషయంలో మరొక మెలకువ అవసరం. 'పద్యం' మన కంటికి రెండక్షరాలు. యంత్రానికి ప, ద, పొల్లు, య, సున్న అని ఐదు. కనుక 'పద్యం' దొరకవలెనన్న ఐదు ప్రశ్నార్థకాలు కావాలి. గుణింతపు గుర్తు హల్లు తరువాత వేరుగా నిలుస్తుంది గనుక, 'క*' అనినచో కవిత, కావ్యం, క్షేత్రం మూడూ వస్తాయి.

ఉపఫోల్డర్లలోనూ వెదకుటకు జంట నక్షత్రం () ఉన్నది. 2015లో వచ్చిన పైథాన్ 3.5 నుండి గ్లాబ్ దానిని ఆమోదిస్తున్నది, అయితే 'రికర్సివ్' అను ఐచ్ఛికాన్ని ట్రూ అని చెప్పాలి. జాబితా వరుసగా వస్తుందని నమ్మరాదు. వరుస కావలెనన్న మనమే పేర్చుకోవాలి.

విద్యార్థులు గ్రహించవలసినది ఇదే. నమూనా దొరికినవానినే చూపుతుంది, విడిచినవానిని చూపదు. ఎన్ని రావలెనో ముందే లెక్కించుకొని, వచ్చినవానితో సరిచూడండి. తొలగించు ఆజ్ఞ ఇచ్చుటకు ముందు జాబితాను ఒకసారి తెరపై చదవండి. ఆ ఒక్క నిమిషం ఒకరి శ్రమను కాపాడుతుంది.