ఆదివారం ఫోను

చెల్లీ,

పిల్లాణ్ణి సైన్యంలో ట్రైనింగుకి పంపిన తల్లి ఎవరైనా నన్ను మొదట అడిగేది ఒకటే. "అక్కా, మళ్ళీ ఫోనెప్పుడు చేస్తాడు?" తింటున్నాడో లేదో, చలికి తట్టుకుంటున్నాడో లేదో, అవన్నీ దాని తర్వాతే. అందుకే ఈ నెల ముచ్చట్లు ఆ ఫోను చుట్టూనే చెప్పుకుందాం. మా చిన్నోడు నాసిక్ రోడ్ క్యాంపులో ఆర్టిలరీ ట్రైనింగు పూర్తిచేశాడు. నేను చూసిందీ, మా వీధిలో కొడుకుల్ని పంపిన మిగతా తల్లులు నాతో చెప్పుకున్నదీ కలిపి చెబుతాను.

ముందు ఒక మాట. హాస్టల్‌కి పంపినప్పుడు ఇంత బాధపడలేదు కదా, ఇప్పుడెందుకు అని ఎవరైనా అంటే పట్టించుకోకు. హాస్టల్ వేరు. ఆదివారం క్యారేజీ కట్టుకుని వెళ్ళొచ్చు, జ్వరమొస్తే ఇంటికి తెచ్చేసుకోవచ్చు, రాత్రి వీడియో కాల్‌లో మొహం చూడొచ్చు. ట్రైనింగ్ సెంటర్లో ఫోను వాళ్ళే తీసుకుని దాస్తారు. మామూలుగా ఆదివారం కాసేపు చేతికిస్తారు, కొన్ని వారాలు అదీ ఉండదు. పుట్టినప్పటినుంచి వాడి తిండి, నిద్ర, బట్ట అన్నీ మన చేతిమీదుగానే జరిగాయి. ఇప్పుడు ఎన్నింటికి లేవాలో, జుట్టు ఎంత ఉండాలో ఇంకొకళ్ళు చెబుతున్నారు. దానికి గుండె బరువెక్కకుండా ఎలా ఉంటుంది?

ఇంకోటి కూడా ఉంది. మా శ్రీకాకుళం వైపు సైన్యంలో చేరడమంటే ఏళ్ళ తరబడి ఇంటిల్లిపాదీ పడే కష్టం. తెల్లారగట్ల నాలుగింటికి హైవే పక్కన చూడు, చీకట్లో పిల్లలు గుంపులు గుంపులుగా పరుగెడుతుంటారు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో ముగిస్తే పూర్తి మార్కులు. ఆ వెంటనే పుల్లప్స్, గొయ్యి దూకడం. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ పరీక్ష రాయాలి, అందులో నెగ్గితేనే ర్యాలీకి పిలుపు, ఆ పైన మెడికల్. ఈ మొత్తంలో తల్లికి చేతినిండా పని. రాత్రి శనగలు నానబెట్టాలి, పొద్దున్నే గుడ్లు ఉడకబెట్టాలి, వాడు చెమటలు కక్కుతూ వచ్చేసరికి అంబలి కలిపి ఉంచాలి. మా ఆయన సెల్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కాలేజీ గ్రౌండులో నిలబడేవారు. వాడు రైలెక్కిన మర్నాటినుంచి ఆ పనంతా కూడా పోయింది. నాలుగింటికి మెలకువ వచ్చేస్తుంది, లేచి చేసేదేమీ ఉండదు. మా వీధిలో ఒక వదిన ఆ వేళకి లేచి పెద్ద ముగ్గేసి గుడికి వెళ్ళేది. ఇంకొకావిడ, పక్కింటి కుర్రాడు ర్యాలీకి తయారవుతుంటే, వాడికి శనగలు నానబెట్టి పంపడం మొదలుపెట్టింది. నాకు ఈవిడ చేసింది బాగా నచ్చింది. పొద్దున్నే గిన్నెలో నానిన శనగలు చూసుకుంటే తనకి ప్రాణం కుదుటపడేదని చెప్పింది.

అక్కడ వాడేం చేస్తున్నాడో తెలియకపోతే మనసు ఊరుకోదు, ఉన్నవీ లేనివీ కల్పించుకుంటుంది. అందుకని తెలిసింది చెబుతాను. వెళ్ళగానే జుట్టు కత్తిరిస్తారు. సామానంతా ఒక నల్ల ట్రంకు పెట్టెలోకి వెళుతుంది, దానిమీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు. కొత్తగా చేరినవాడు రంగ్రూట్, నేర్పేవాడు ఉస్తాద్. పొద్దు పొడవకముందే పీటీ, తర్వాత డ్రిల్లు, ఆయుధాల పాఠాలు, సాయంత్రం ఆటలు, రాత్రి పడుకోబోయే ముందు గింతీ, అంటే అందరూ ఉన్నారో లేదో లెక్క చూడడం. ఒకడు తప్పుచేస్తే ఒక్కోసారి వరసంతా రగడా పడాల్సిందే, నేలమీద పాకడం, దొర్లడం, దండీలు తియ్యడం. లంగర్లో, అంటే భోజనశాలలో, చపాతీ, పప్పు, రాజ్మా. అన్నమూ ఉంటుంది, కడుపునిండా పెడతారు, ఆ విషయంలో నిశ్చింతగా ఉండు. మనవాళ్ళకి నిజంగా కష్టమయ్యేది తిండికంటే హిందీ. ఉస్తాద్ ఏమన్నాడో వీడికి అర్థమయ్యేలోపు పక్కవాళ్ళు చేసేసి నిలబడి ఉంటారు. మా వాడు మొదట్లో పక్కనున్న ఒడియా కుర్రాణ్ణి చూసి, వాడెటు తిరిగితే అటు తిరిగేవాడట. మీ పిల్లాడు వెళ్ళడానికి ఇంకా టైముంటే, ప్రొటీన్ పొడి డబ్బాల మీద డబ్బు తగలేసే ముందు నాలుగు ముక్కలు హిందీ నేర్పించు.

ఇక ఆదివారం. ఫోను చేతికొచ్చినా వాడికి దొరికేది కాసేపే. వారం మొత్తం మాసిన బట్టలు ఉతుక్కోవాలి, బూట్లు పాలిష్ చేసుకోవాలి, కిట్టు సర్దుకోవాలి, అన్నీ ఆ రోజే. కాబట్టి ఫోనెత్తగానే "ఎందుకింత ఆలస్యమైంది" అనకు. వీధిలో వాళ్ళందరికీ ఫోను అందించకు. ఏడుపొస్తే ఏడు, తప్పేం లేదు, ఫోను పెట్టేశాక.

మొదటి నెలలో ఏదో ఒక ఆదివారం వస్తుంది ఆ మాట. "నావల్ల కాదమ్మా, వచ్చేస్తాను." చాలామంది పిల్లలు అంటారు. మా వాడూ అన్నాడు. దీనికి మన ఇళ్ళల్లో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. "వచ్చెయ్ నాన్నా, గంజి తాగైనా బతుకుదాం" అని తల్లి. "ఊళ్ళో నన్ను తలెత్తుకోనిస్తావా లేదా" అని తండ్రి. రెండూ వద్దు చెల్లీ. మొదటిది వింటే వాడు పంటిబిగువున పట్టుకున్నది కాస్తా వదిలేస్తాడు. పైగా నాలుగేళ్ళకని అగ్నివీర్‌గా చేరినవాడు తనంతట తాను మధ్యలో వచ్చెయ్యడానికి లేదు, ప్రత్యేక పరిస్థితి ఉండి పైఅధికారులు ఒప్పుకుంటేనే కుదురుతుంది. మనం రమ్మన్నంత మాత్రాన రాలేని చోట ఉన్నవాడికి ఆ మాట ఇంకా నరకం. ఇక రెండోది వింటే, ఆ తర్వాత వాడు మనకి నిజం చెప్పడం మానేస్తాడు. నన్నడిగితే దీనికే ఎక్కువ భయపడాలి.

నేను "ఏం జరిగింది, ఈ రోజు పొద్దుటినుంచి చెప్పు" అన్నాను. చెప్పుకొచ్చాడు. కొత్త బూటు కరిచి మడమ పుండయింది. ఆరేసిన బనియన్లు ఎవరో పట్టుకుపోయారు. పరేడ్‌లో అందరిముందూ కుడికి తిరగమంటే ఎడమకి తిరిగాడు. సైన్యమే నావల్ల కాదన్నవాడి గుండెల్లో ఆ పూట ఉన్నవి ఈ మూడూ. మడమకి ఏం రాస్తున్నావని అడిగాను, బనియన్లు కాంటీన్లో కొనుక్కోమన్నాను, పరేడ్ మాట ఎత్తలేదు. చివర్న, "సరే, వచ్చే ఆదివారం దాకా చూడు, అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం" అన్నాను. వాడి కళ్ళముందు నాలుగేళ్ళు కొండలా నిలబడి ఉంటాయి, అంత దూరం మనం నడిపించలేం. వచ్చే ఆదివారం దాకా అంటే వాడికీ చేతనవుతుంది. మరుసటి వారం ఫోన్లో మొదటిసారి రైఫిలు పేల్చిన సంగతి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

కానీ అన్ని కష్టాలూ వచ్చే ఆదివారానికి వాయిదా వేసేవి కావు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకో. పరుగులకి కాలి ముందు ఎముక నొప్పెడుతుంది. ఆ నొప్పితోనే పరుగెడుతూ పోతే ఎముకలో సన్నని బీట పడే ప్రమాదం ఉంది. పిల్లలు దీన్ని దాస్తారు. ఎందుకంటే ఆస్పత్రిలో చేరి చాలా రోజులు పోతే వెనకొచ్చే బ్యాచ్‌లో కలుపుతారు, దాన్ని రెలిగేషన్ అంటారు, అదంటే వాళ్ళకి ప్రాణం పోయినంత అవమానం. నువ్వు ముందే చెప్పు: "బ్యాచ్ మారినా మాకు నామోషీ లేదు, నొప్పుంటే ఎంఐ రూమ్‌కి వెళ్ళు." ఎంఐ రూమ్ అంటే అక్కడి వైద్యుల గది. ఈ మాట తండ్రి నోట వస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. అలాగే నిద్ర పట్టట్లేదని వారం వారం చెబుతున్నా, ఎవరితోనూ మాట్లాడటం లేదన్నా, బతుకుమీద విరక్తి ధ్వనించినా ఆగకు. సెంటర్‌కి ఫోన్ చేసి వాడి కంపెనీ అధికారితో మాట్లాడించమని అడుగు. హిందీ రాకపోతే ఊళ్ళో రిటైరైన ఫౌజీ ఎవరో ఉంటారు, ఆయన చేత మాట్లాడించు.

వారం మధ్యలో ఏం చెయ్యాలంటే, ఉత్తరం రాయి. నవ్వకు, నిజంగానే చెబుతున్నాను. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది కదా, మొదటి ప్రపంచయుద్ధం నాటినుంచి కొడుకుల్ని సైన్యానికి పంపుతున్న ఊరు, మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అక్కడి తల్లులకీ, మా అత్తమ్మ తరం వాళ్ళకీ ఆదివారం ఫోను కూడా లేదు. అత్తమ్మ తమ్ముడు 1971 యుద్ధం నాటికి సైన్యంలో ఉన్నాడు. ఉత్తరం మీద పేరు, నంబరు, యూనిట్ రాసి కేరాఫ్ 56 ఏపీఓ, అంటే సైన్యం పోస్టాఫీసు, అని రాస్తే చాలు, ఏ కొండమీద ఉన్నా చేరేదని ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. ఫోన్లో విన్నది ఫోను పెట్టగానే పోతుంది, ఉత్తరం ట్రంకు పెట్టెలో ఉంటుంది. పేరు, నంబరు, బ్యాటరీయో కంపెనీయో, సెంటర్ చిరునామా వాణ్ణే అడిగి రాసిపెట్టుకో. ఇక అందులో ఏం రాయాలి? ధైర్యంగా ఉండు, దేశం గర్విస్తుంది అని కాదు, అవి ఉస్తాద్ రోజూ చెబుతాడు. గేదె ఈనింది, పెయ్యదూడ. చెరువు నిండింది. మీ చెల్లి నీ సైకిల్ తొక్కి మోచెయ్యి గీరుకుంది. పెరట్లో జామ చెట్టు ఈసారి విరగకాసింది. ఇలాంటివి రాయి. మా వాడు సెలవుకొచ్చినప్పుడు దూడ ఏ నెలలో పుట్టిందో నాకంటే కచ్చితంగా చెప్పాడు.

మీ ఆయన సంగతి కూడా చూసుకో. మగవాళ్ళు దీన్ని ఎవరితోనూ చెప్పుకోరు. కొడుకు ఫోను వస్తే "అమ్మకిస్తున్నా" అని రెండు మాటల్లో ఇచ్చేసి, పక్కగదిలో నిలబడి చెవులు రిక్కించి వింటారు. స్పీకర్ పెట్టు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకో.

బంధువులు మాత్రం ఒక్క మాట వదలరు: "నాలుగేళ్ళే కదా, తర్వాతేంటి?" 2022 జూన్‌లో ఈ అగ్నివీర్‌ల పథకం, అగ్నిపథ్, ప్రకటించిన నాటినుంచి ఇదే ప్రశ్న. తర్వాతేంటన్న బెంగ మనకీ ఉంది, ఉండాలి కూడా. లెక్క తెలుసుకుని ఉండు. మొదటి ఏడాది నెలకి 30 వేలు, అందులో 21 వేలు చేతికి, 9 వేలు నిధికి. ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. నాలుగేళ్ళయ్యాక వడ్డీతో కలిపి సుమారు 11 లక్షల 71 వేలు వస్తాయి. నూటికి 25 మంది దాకా కొనసాగుతారు. ఈ లెక్కలు, అప్పు వాయిదాలు, అక్క పెళ్ళి ఖర్చులు ఆదివారం ఫోన్లోకి మాత్రం తీసుకురాకు. ట్రైనింగులో ఉన్నన్నాళ్ళు వాడి పని ట్రైనింగే. డబ్బు దగ్గర ఇంకో జాగ్రత్త: ఎవరైనా ఫోన్ చేసి మీ అబ్బాయికి దెబ్బ తగిలింది, డబ్బు పంపండి అంటే పంపకు, ముందు సెంటర్‌కి చేసి కనుక్కో. వాడు పంపిన ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకు.

అందరం లోపల దాచుకునే భయం ఒకటుంది, దాన్నీ మాట్లాడుకుందాం. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు ప్రాణమిచ్చాడు. 2025 మేలో గోరంట్ల మండలం కల్లి తండా నుంచి అగ్నివీర్‌గా వెళ్ళిన మురళీ నాయక్ సరిహద్దులో అమరుడయ్యాడు. ఆ రోజు మా వీధిలో చాలా ఇళ్ళల్లో పొయ్యి వెలగలేదు. భయపడకు అని నేను నీకు చెప్పను, ఆ మాట ఏ తల్లికీ చెప్పే హక్కు నాకు లేదు. ఒక్కటి మాత్రం నిజం. ట్రైనింగులో ఉన్న పిల్లాడు సరిహద్దులో లేడు. రేపటి భయాన్ని ఈ నెలల్లోకి లాక్కోకు. ఉద్రిక్తతలున్న రోజుల్లో రాత్రిపూట టీవీ కట్టెయ్యి. ఆ మే నెలలో జరగనివి కూడా జరిగినట్టు టీవీల్లో, ఫోన్లలో ఎన్ని తిరిగాయో చూశాం కదా.

కూతుర్ని పంపిన తల్లులు నన్ను ప్రత్యేకంగా అడుగుతుంటారు. 2022లో పుణె దగ్గర ఖడక్‌వాస్లా నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీఏ)లో మొదటిసారి ఆడపిల్లల్ని తీసుకున్నారు, 2025 మే నెలలో ఆ మొదటి బ్యాచ్ 17 మంది బయటికొచ్చారు. విజయనగరం పక్కన కోరుకొండ సైనిక్ స్కూల్లోనూ ఇప్పుడు ఆడపిల్లలున్నారు. మీ అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నెలసరి సంగతి, పీటీ రోజుల్లో ఇబ్బంది సంగతి అడిగి తెలుసుకో, తనంతట తాను చెప్పదు. మిగతాదంతా కొడుకుకి చెప్పినట్టే.

ఇక చివర్న కసం పరేడ్, అంటే ప్రమాణం చేసే పరేడ్. ట్రేడును బట్టి ఆర్నెల్లకో, ఇంకాస్త తర్వాతో వస్తుంది. ఆర్టిలరీలో జెండాకిచ్చే గౌరవం ఫిరంగికిస్తారు, దాని ఎదుటే ప్రమాణం చేయిస్తారు. ఎవరి మతగ్రంథం మీద వాళ్ళు చెయ్యి పెడతారు. అమ్మానాన్నల ఛాతీకి గౌరవ్ పదక్ అని ఒక పతకం తగిలిస్తారు. అందరూ ఒకే యూనిఫాం, ఒకే జుట్టు, ఒకే నడక, దూరం నుంచి నీ కొడుకెవరో నీకే వెంటనే తెలియదు, కంగారుపడకు. దగ్గరికొచ్చాక మాట తగ్గి ఉంటుంది, నిలబడే తీరు మారి ఉంటుంది. మన చిన్నోడే.

వాడికి తిండి మోసుకెళ్ళాలనిపిస్తుంది, పాడవనివి పట్టుకెళ్ళు: జంతికలు, సున్నుండలు, పచ్చడి సీసా. బ్యారక్‌లో అందరూ పంచుకుంటారు కాబట్టి కాస్త ఎక్కువే చెయ్యి. ఆధార్ కార్డులు మర్చిపోకు, గేటు దగ్గర అడుగుతారు. పరేడ్ తేదీ తెలియగానే టికెట్లు చేయించుకో. ఖర్చని ఒకళ్ళే వెళ్ళొద్దు, ఇద్దరూ వెళ్ళండి.