గుడిమల్లము పరశురామేశ్వరాలయము

తిరుపతికి వచ్చు యాత్రికులు కొండ నెక్కి స్వామిని సేవించి, తీరిక యున్నచో శ్రీకాళహస్తికిని పోయి వత్తురు. ఆ దారికి కొంచెము ప్రక్కగా, స్వర్ణముఖీనది చెంత, గుడిమల్లమను చిన్న పల్లె కలదు. గాజుపూసలకు పేరొందిన పాపానాయుడుపేట దానికి పొరుగూరు. 2022వ సంవత్సరమునకు పూర్వము ఈ పల్లె చిత్తూరు జిల్లాలో నుండెను. నేడు తిరుపతి జిల్లాలోనిది. ఇచ్చటి శివాలయమునకు కాళహస్తిలో వలె మిన్నంటు గోపురము లేదు. బారులుతీరిన అంగళ్లు లేవు. అయినను మన దేశపు శిల్పచరిత్ర వ్రాసినవారిలో ఈ చిన్న గుడిని తలపనివా రరుదు.

గుడిచుట్టు ప్రదక్షిణము చేయువారికి మొదటి వింత వెనుకప్రక్క కనబడును. మన మెఱిగిన గుడులలో గర్భగృహము సాధారణముగా నలుచదరముగా నుండును. ఇచ్చట వెనుకగోడకు మూలలు లేవు. అది విల్లువలె వంగి యొక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు తిరిగినది. పైనున్న విమానమును ఆ వంపునే అనుసరించినది. వెనుకనుండి చూచినచో ఏనుగు వెనుకభాగము జ్ఞప్తికి వచ్చును గనుక దీనికి గజపృష్ఠమని పేరు.

ఈ యాకారము చాల ప్రాచీనమైనది. నాగార్జునకొండయందును, గుంటుపల్లియందును బౌద్ధులు కట్టిన చైత్యగృహములలో ఇట్టి వంపు కలదు. గుండ్రని కొనయందు స్తూపము నుంచి, భక్తులు దానిచుట్టు తిరిగి వచ్చుటకు వీలు కల్పించెడివారు. శివాలయములలోను ఇది లేకపోలేదు. పల్నాటి సీమలోని చేజెర్ల కపోతేశ్వరాలయమును, మనకు చేరువనే యున్న తిరుత్తణి వీరట్టానేశ్వరాలయమును ఈ తీరువే. ఐరోపాఖండమున మధ్యయుగమునాటి క్రైస్తవాలయములను చూచినవారు, పూజావేదిక యుండు తూర్పుకొన పెక్కింట అర్ధవృత్తముగా నుండుటను వర్ణించియున్నారు. ఒకరిని చూచి యొకరు కట్టిరని దీనివలన చెప్పరాదు. పూజ్యవస్తువు నొక కొనయందుంచి, లోనికి వచ్చినవాని చూపు దానిపైననే నిలుచునట్లు చేయవలెనను కోరిక మాత్రము ఇరువురికిని ఒకటే.

ఇక లోనికి పోవుదము. మంటపము దాటి గర్భగృహమును చేరునప్పటికి అడుగు క్రిందికి వేయవలసి వచ్చును. ఇచ్చటి నేల మంటపపు నేలకంటె పల్లముగా నున్నది. ఈ పల్లమును మఱువకుడు. దీని సంగతి తరువాత చెప్పెదను. నడుమ నిలిచిన లింగము సుమారు 5 అడుగుల యెత్తు కలది. ముదురు గోధుమవన్నె గల కఠినశిలను చెక్కి నునుపు చేసిరి. దాని ముందుభాగమున శివుని నిలువెత్తు రూపము కలదు. స్వామికి రెండే చేతులు. కుడిచేత నొక పొట్టేలును వెనుకకాళ్లు పట్టి తలక్రిందుగా వ్రేలాడదీసియున్నాడు. ఎడమచేత చిన్న పాత్ర, ఎడమభుజముపై గొడ్డలి. చెవులకు బరువైన కుండలములు. నడుమున కట్టిన వస్త్ర మెంత పలుచనిదో శిల్పి రాతిలోనే చూపగలిగెను. కాళ్లక్రింద నొక మరుగుజ్జు యక్షుడు వంగి, స్వామిని భుజములపై మోయుచున్నాడు.

మనము చూడ నలవాటుపడిన నాలుగు చేతులు ఇందు లేవు, జందెమును లేదు. కొండలలో మందలు మేపుకొని, వేటాడి బ్రతికెడి వీరుడొకడు ఎదుట నిలిచినట్లే తోచును. దేవతామూర్తు లిట్లే యుండవలెనని శిల్పశాస్త్రములు కట్టడి చేయుటకు పూర్వపు శిల్ప మిదియని పండితులు తలచిరి. 1911వ సంవత్సర ప్రాంతమున తు. అ. గోపీనాథరావుగారు దీనిని పరిశీలించి ప్రకటింపగా లోకమునకు దీని విలువ తెలిసినది. ఇది క్రీస్తుపూర్వము 2వ శతాబ్ది నాటిదని వారి నిర్ణయము. మఱికొందరు ఇంకను తరువాతి కాలమునకు తెచ్చిరి. ఏది యైనను, నేటికిని పూజలందుకొనుచున్న శివలింగములలో ఇంతటి ప్రాచీనమైనవి మిక్కిలి తక్కువ.

ఊరివారి కథ వేఱు. పరశురాము డిచ్చట తపస్సు చేయుచు, దినమున కొక్కటిగా పూచెడి పుష్పముతో శివుని పూజించెడివాడట. దానికి కావలి యుంచిన చిత్రసేనుడను యక్షుడు, పరశురాముడు లేనివేళ ఆ పువ్వుతో తానే పూజ చేసెను. ఇరువురికిని ఘోరయుద్ధము జరుగగా శివుడు సాక్షాత్కరించి, వారిని తనలో చేర్చుకొనెనట. గొడ్డలి పట్టిన మూర్తియు, క్రింద యక్షుడును కన్నులయెదుట నుండగా ఇట్టి కథ పుట్టుట వింత కాదు. చరిత్రకారుడు దీనిని సాక్ష్యముగా గ్రహింపడు; కాని శిల్పమును జను లెంత శ్రద్ధగా చూచిరో తెలుపుటకు ఈ కథ చాలును.

భారత పురావస్తు శాఖ 1954లో ఈ యాలయమును రక్షిత కట్టడముగా స్వీకరించెను. 1973లో ఇంగువ కార్తికేయశర్మగారి యాధ్వర్యమున ఇచ్చట త్రవ్వకములు సాగినవి. లింగముచుట్టు చతురస్రముగా నిలిపిన రాతికంచె బయటపడినది. బౌద్ధస్తూపములచుట్టు నుండు కంచెలను ఇది పోలియున్నది. మొదట లింగ మారుబయట ఈ కంచె నడుమ పూజ లందుకొనెనని దీనివలన ఊహించిరి. ఆ పిదప క్రీస్తుశకపు తొలి శతాబ్దులలో పెద్ద యిటుకలతో కట్టిన గజపృష్ఠాలయపు ఆనవాళ్లును కానవచ్చినవి. నలుపు ఎఱుపు వన్నెల కుండపెంకులును దొరకినవి.

గోడలపై శాసనములు కలవు. వానిలో పూర్వమైనవి 9వ శతాబ్దివి. పల్లవులకు లోబడి ఈ సీమ నేలిన బాణరాజుల కాలమున వెలసినవి. వి. వెంకయ్యగారు వానిలో ఐదింటిని పరిష్కరించి ప్రకటించిరి. తరువాత చోళుల యేలుబడి వచ్చినది. విక్రమచోళుని 9వ రాజ్యవర్షమున, అనగా 1126 ప్రాంతమున, గుడి యంతయు రాతితో తిరిగి కట్టబడినది. నేడు మనము చూచు కట్టడ మదియే.

ఇప్పుడు ఆ పల్లపు నేల సంగతి. కాలక్రమమున చుట్టుప్రక్కల నేల పెరిగినది. క్రొత్తగా కట్టిన ప్రతి కట్టడమును మఱికొంత మెరక కెక్కినది. లింగము మాత్రము నిలిచినచోటనే నిలిచినది. 1126 నాటి స్థపతులకు ఒక బండరాతిని పెకలించి క్రొత్త నేలపై నిలుపుట కష్టమైన పని కాదు. నలుచదరపు గర్భగృహము కట్టుటయు వారికి నిత్యకృత్యమే. అయినను వారు పాత యిటుకగుడి వంపును విడువక దానినే రాతిలో కట్టిరి. లింగమును కదపక దాని యొద్దకు తామే దిగిరి. నా కీ గుడిలో శిల్పముతోపాటు మెచ్చదగినదిగా తోచునది ఈ వినయమే. జీర్ణోద్ధారణ మను పేర శాసనములున్న గోడలకు సున్నము కొట్టుటయు, పాత రాళ్లను పెరటిలో పారవేయుటయు మన యూళ్లలో చూచుచునే యున్నాము. సుమారు తొమ్మిదివందల యేండ్లకు పూర్వపు ఆ స్థపతులు మనకంటె జాగ్రత్తగలవారు.

మీరు గుడిమల్లమునకు పోయినపుడు మూర్తి దర్శనమైన పిదప చూపు కొంచెము క్రిందికి దింపి, లింగము మొదటనున్న ఆ రాతికంచెను కూడ చూడుడు. చుట్టునున్న గోడలకంటె అది సుమారు వెయ్యేండ్లు పెద్దదని త్రవ్వినవారి లెక్క. పెక్కుమంది దానిని చూడకయే హారతి కన్నుల కద్దుకొని తిరిగి వత్తురు.