కంప్యూటరుకు శైత్యోపచారాలు

మే నెలలో మిట్టమధ్యాహ్నం వేళ హఫీజ్‌పేట వీధులు నిర్మానుష్యంగా ఉంటాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు నడవసాగాయి. ఆ తరువాత ఈ ప్రాంతం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకూ, విద్యార్థులకూ అద్దె ఇళ్ళ నెలవుగా మారింది. ఎండ నేరుగా పడే కాంక్రీటు కప్పు కింద ఒక గది, గదిలో ఒక బల్ల, బల్లకింద ఒక కంప్యూటరు. ఎండ ముదిరినకొద్దీ ఆ యంత్రంలోని పంకా రొద హెచ్చుతుంది, పని మందగిస్తుంది. ఒక్కొక్కప్పుడు చెప్పాపెట్టకుండా యంత్రం ఆగిపోతుంది. ప్రవేశపరీక్షకు గడువు చివరిరోజున దరఖాస్తు నింపుతున్న విద్యార్థికి ఇది చిన్న ఇబ్బంది కాదు. ఎయిర్ కండిషనర్ పెట్టించుకొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్నా, గోడకు రంధ్రం చేయడానికి ఇంటి యజమాని ఒప్పుకోకపోవచ్చు. కనుక ఎవరికి తోచిన ఉపాయం వారు చేస్తారు.

మన ప్రబంధాలలో విరహతాపంతో వేగే నాయికకు చెలికత్తెలు శైత్యోపచారాలు చేస్తారు. మంచిగంధం పూస్తారు, తామరాకుల పాన్పు పరుస్తారు, పన్నీరు చల్లుతారు. ఒంటి వేడికి గంధం ఎండి పొడియై రాలుతుంది, తామరాకులు వాడిపోతాయి, తాపం మాత్రం తగ్గదు. కవులకు అది అతిశయోక్తి. కంప్యూటరు విషయంలో అది అక్షరాలా నిజం. చల్లని వస్తువును తగిలించినంత మాత్రాన వేడి శమించదు. లోపల ఎడతెగక పుట్టే వేడిని ఎడతెగక బయటకు మోసుకొనిపోయే మార్గం కావాలి. ఆ మార్గం ఉన్న ఉపాయం ఎంత విచిత్రమైనదైనా ఫలిస్తుంది; లేనిది ఎంత చల్లగా కనిపించినా ఫలించదు.

కంప్యూటరు వాడుకొనే విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. లెక్కలన్నీ చేసే ప్రాసెసర్ చిప్పు వేలిగోరంత ఉంటుంది. ఇళ్ళలోని సాధారణ రకాలు పనిభారం మీద 65 వాట్లు, అంతకు మించి కూడా వేడిని వెలువరిస్తాయి. 2004లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన పెంటియమ్-4 రకాలలో కొన్ని 100 వాట్లు దాటాయి. వెలుగుతున్న పాతకాలపు 60 వాట్ల బల్బును చేతితో పట్టుకోలేము. ఆ వేడినంతా గోరంత చోటులో కుదిస్తే ఎట్లుంటుందో ఊహించవచ్చు. అందుకే చిప్పు మీద రాగి లేదా అల్యూమినియం రేకులున్న దిమ్మెను బిగిస్తారు. దానిని హీట్‌సింక్ అంటారు. ఆ రేకుల నడుమ నుండి వీచే పంకాగాలి వేడిని తీసుకొనిపోతుంది. గది 25 డిగ్రీల వద్ద ఉన్నప్పుడు 75 డిగ్రీలుండే చిప్పు, గది 40 డిగ్రీలకు చేరితే అదే పనికి సుమారు 90 డిగ్రీలకు ఎక్కుతుంది. 100 డిగ్రీలకు చేరువైతే చాలా చిప్పులు తమ వేగాన్ని తామే తగ్గించుకొంటాయి; అప్పటికీ వేడి పెరిగితే ఆగిపోతాయి. వేసవి మధ్యాహ్నపు మందగమనానికి కారణమిదే.

చిప్పుకూ దిమ్మెకూ నడుమ కంటికి కనిపించని గరుకుదనం ఉంటుంది. ఆ సందులలో నిలిచిన గాలి వేడిని సరిగా దాటనీయదు. అందుకని అక్కడ థర్మల్ పేస్టు అనే లేపనాన్ని పలుచగా పూస్తారు. అది చేతిలో లేనప్పుడు పళ్ళు తోముకొనే టూత్‌పేస్టు పూసి చూసినవారు ఉన్నారు. వింత ఏమిటంటే, మొదట అది పనిచేస్తుంది! అందులోని తడి సందులను నింపుతుంది కనుక వేడి దాటుతుంది. కొద్దికాలానికి తడి ఆరిపోయి పిండి మిగులుతుంది, చిప్పు మళ్ళీ కాగుతుంది. ప్రబంధనాయిక మేని గంధానికి పట్టిన గతే దీనికీ పడుతుంది. అసలు లేపనం అంత ఖరీదైనదేమీ కాదు. సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల చిన్న గొట్టాలలో దొరుకుతుంది. దానినైనా దట్టంగా పూయరాదు. మందమైనకొద్దీ ఆ లేపనమే అడ్డుగోడ అవుతుంది.

అందరూ మొదట చేసే ఉపాయం పెట్టె పక్కరేకు విప్పి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టడం. గాలి ఆడని ఇరుకు పెట్టెలకు ఇది వెంటనే మేలు చేస్తుంది. ముందునుండి వెనుకకు గాలి సాగేటట్లు చక్కగా అమర్చిన పెట్టెలలో మాత్రం ఆ వరుస చెదిరి, లాభం స్వల్పమే కావచ్చు. ఏ పెట్టె అయినా, తెరిచి ఉంచితే దుమ్ము చేరుతుంది. నిత్యం ఏదో ఒక భవనం లేస్తూ ఉండే ప్రాంతంలో కొన్ని నెలలకే రేకుల నడుమ దుమ్ము దుప్పటిలా పేరుకొంటుంది. బల్లులూ, బొద్దింకలూ కాపురం పెట్టడమూ కద్దు. ప్లగ్గు తీసివేసి, పంకారెక్కలు తిరగకుండా వేలితో ఆపి పట్టుకొని, మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే, ఏ వింత ఉపాయమూ అవసరం లేకుండానే యంత్రం కోలుకోవడం తరచుగా జరుగుతుంది.

మంచుగడ్డల సంచిని పెట్టెకు ఆనించేవారు కొందరు, ఏకంగా యంత్రాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలని చూసేవారు మరికొందరు. లెక్క చూస్తే ఇందులోని నష్టం తెలుస్తుంది. కిలో మంచు కరిగేటప్పుడు సుమారు 334 కిలోజౌళ్ళ వేడిని గ్రహిస్తుంది. 100 వాట్ల వేడిని వెలువరించే చిప్పుకు అది గంట కూడా చాలదు. పైగా చల్లని తలం మీద గాలిలోని తేమ మంచుబిందువులుగా దిగుతుంది. ఆ బిందువులు విద్యుత్ భాగాల మీద జారితే యంత్రం చెడుతుంది. ఇక ఇంటి ఫ్రిజ్, తలుపు తెరిచినప్పుడూ గోడల ద్వారానూ లోపలికి చేరే కొద్దిపాటి వేడిని తోడిపోయడానికి తయారైనది. లోపలే ఒక పొయ్యి నిత్యం వెలుగుతూ ఉంటే దాని కంప్రెసర్‌కు విశ్రాంతి ఉండదు. అది తోడిన వేడి కూడా వెనుకనుండి మళ్ళీ అదే గదిలోకి వస్తుంది.

అదే కిలో నీరు కరగడానికి బదులు ఆవిరైతే లెక్క మారిపోతుంది. సాధారణ ఉష్ణోగ్రతల వద్ద లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళు కావాలి. అదే 100 వాట్ల వేడిని అది ఆరున్నర గంటలకు పైగా మోయగలదు. మట్టికూజాలో నీరు చల్లబడటం, వట్టివేళ్ళ తడికెల మీదుగా చల్లగాలి రావడం ఈ సూత్రం వల్లనే. ఈ సూత్రాన్నే నమ్మి కొందరు ఔత్సాహికులు ఇళ్ళలో చిన్న శీతలీకరణ గోపురాలు కట్టుకొన్నారు. చిప్పు మీద, లోపల నీటి దారులున్న రాగి దిమ్మెను బిగిస్తారు. ఎయిర్ కూలర్‌లో వాడేటటువంటి చిన్న పంపు ఆ దిమ్మె గుండా నీటిని నడిపి, నిలువుగా నిలిపిన వెడల్పాటి ప్లాస్టిక్ గొట్టం పైకి చేరుస్తుంది. నీరు తుంపరలుగా కింది బకెట్‌లోకి జారుతుంది. దిగువనుండి పంకా గాలిని ఎగదోస్తుంది. కొంత నీరు ఆవిరై, మిగిలినది గదిగాలి కంటె చల్లబడుతుంది. సాధారణ పంకా ఎంత వేగంగా తిరిగినా యంత్రాన్ని గదిగాలి కంటె చల్లబరచలేదు. ఈ గోపురం నీటిని చల్లబరచగలదు. సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున, దక్కను పీఠభూమి మీద ఉన్న హైదరాబాదు వేసవిగాలి పొడిగా ఉంటుంది కనుక ఇది ఇక్కడ బాగా ఫలిస్తుంది. ఉక్కపోసే విశాఖపట్నంలో ఇంతగా ఫలించదు. ఇక్కడైనా వానాకాలంలో అంతంతమాత్రమే. బోరునీటి లవణాలు దారులను పూడుస్తాయి, నిలువనీటిలో దోమలు పెరుగుతాయి, గొట్టం ఊడితే యంత్రమంతా తడుస్తుంది. విద్యుత్తు పక్కన నీటిని నడిపే సాహసం ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో ఎంతమాత్రం తగదు.

ఎయిర్ కూలర్‌ను తిన్నగా కంప్యూటరు మీదికి తిప్పడం ఇంతకంటె సులభంగా తోస్తుంది. కాని ఆ గాలితో వచ్చే తుంపరలు లోపలి భాగాల మీద తెల్లని పొరను వదులుతాయి. కూలర్‌ను దూరంగా కిటికీలో ఉంచి, ఎదుటి కిటికీ తెరిచి, గదినంతటినీ చల్లబరచడం క్షేమం.

వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌ను చల్లబరిచేది నూనె. విద్యుత్తును ప్రవహింపనీయని నూనెలో కంప్యూటరును ముంచితే ఏమవుతుందన్న ఆలోచన కూడా కొత్తది కాదు. 1985 నాటి క్రే-2 సూపర్ కంప్యూటరు, నూనె కాకపోయినా, ఫ్లోరినెర్ట్ అనే ద్రవంలో మునిగే పనిచేసింది. 2006లో టామ్స్ హార్డ్‌వేర్ అనే సాంకేతిక పత్రికవారు ఒక కంప్యూటరును వంటనూనెలో ముంచి నడిపి చూపారు. యంత్రం నడిచింది. అయితే వంటనూనె కొంతకాలానికి చిక్కబడి కంపు కొడుతుంది. మినరల్ ఆయిల్ మేలైనదే కాని, కేబుళ్ళ తొడుగులను గట్టిపరుస్తుంది. తీగల వెంట పైకి పాకి నేలమీదికి కారుతుంది. తిరిగే పళ్ళాలున్న సాధారణ హార్డ్ డిస్కును అందులో ముంచరాదు, దానికి గాలి ఆడే రంధ్రం ఉంటుంది. పాడైన ఒక్క భాగాన్ని మార్చాలంటే నూనె ఓడ్చి తుడవాలి. చూడముచ్చటే తప్ప, మధ్యతరగతి ఇంటికి ఇది మిగిల్చేది జిడ్డే.

నూనెకు గాని, నీటికి గాని, గాలికి గాని వేడి చివరకు చేరేది ఆ గదిలోకే. కనుక గది చల్లబడితే యంత్రమూ చల్లబడుతుంది. పై అంతస్తులో కాపురముండేవారికి అన్నిటికంటె చవకైన ఉపాయం డాబా మీద ఉంది. కప్పుకు తెల్ల సున్నం గాని, ఎండను మరలగొట్టే తెల్ల రంగు గాని వేస్తే, కాంక్రీటు గ్రహించే ఎండ గణనీయంగా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో, 2028 వరకు వర్తించేటట్లు ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ఈ సూత్రం మీదనే ఆధారపడింది. గోడకు రంధ్రం చేయనివ్వని యజమాని సున్నానికి అభ్యంతరం చెప్పడం అరుదు. తన కప్పే చల్లబడుతుంది కదా! వానలకు సున్నం వెలుస్తుంది, డాబా మీది దుమ్ముకు తెలుపు మాస్తుంది. కనుక ఏటా ఫాల్గుణంలో, ఎండలు ముదరకముందే, మరొక పూత వేయవలసి ఉంటుంది.