రక్తం తీసినవాళ్ళే ఫలితమూ చెప్పాలి

బారువ ఒడ్డున, మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోట నిలబడి పడమటికి చూడండి. ఆ నీళ్ళు మహేంద్రగిరి నుంచి దిగివచ్చినవి. ఆ కొండల వారనే మందస, మెళియాపుట్టి మండలాల్లో సవర గిరిజనుల ఊళ్ళున్నాయి. మన ఉద్దానంలో నర్సింగో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సో చదివిన పిల్లల్లో కొందరికి తొలి ఉద్యోగం అటువైపే పడుతుంది. ఈ మాటలు వాళ్ళ కోసం.

ముందు మన సంగతి తలుచుకోండి. కిడ్నీ జబ్బు కారణం కనిపెడతామంటూ ఉద్దానానికి ఎన్ని బృందాలు వచ్చాయి! కవిటిలో, వజ్రపుకొత్తూరులో, సోంపేటలో మనవాళ్ళు ఎన్నిమార్లు చెయ్యి చాపారు! 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయినా "రక్తం పట్టుకెళ్ళారు, ఏం తేలిందో చెప్పలేదు" అనే మాట అరుగుల మీద ఇంకా వినబడుతూనే ఉంది. ఆ బాధ తెలిసిన మనం కొండ మీద ఇంకొకరికి అదే బాధ పెట్టకూడదు.

అక్కడ మీకు తప్పకుండా ఎదురయ్యే పని సికిల్ సెల్ పరీక్ష. 2023 జూలై 1న మొదలైన జాతీయ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు వయసున్న 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకున్నారు. లక్ష్యం ఉన్న చోట తొందర ఉంటుంది. రోజుకెన్ని పరీక్షలు చేశామన్నది మాత్రమే చూసుకుంటే ఫలితం రిజిస్టరులోనే ఉండిపోతుంది. నిర్ధారణ పరీక్ష అయ్యాక ఆ ఇంటికి మీరే వెళ్ళండి, పక్కింటివాళ్ళు లేనప్పుడు చెప్పండి. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే సికిల్ సెల్ లక్షణం వచ్చిన ఆడపిల్లకు "నీకు జబ్బుంది" అన్నారంటే ఆ పిల్లకు పెళ్ళి సంబంధాలు పోతాయి. నిజానికి ఆమె మామూలుగానే బతుకుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరికీ ఆ లక్షణం ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇది నాలుగు గింజలు చేతిలో పెట్టి చూపిస్తే అర్థమవుతుంది.

జబ్బే ఉన్నవాళ్ళు ఒంట్లో నీరు తగ్గనివ్వకూడదు. "రోజుకు మూడు లీటర్లు" అంటే పోడుకు వెళ్ళే మనిషికి ఏం తెలుస్తుంది? ఆనపబుర్ర చూపించి, ఇది ఎన్నిసార్లు ఖాళీ కావాలో చెప్పండి.

తిండి సలహా ఇచ్చేటప్పుడు కొత్తల పండుగలు ఎప్పుడో కనుక్కోండి. మామిడికొత్త జరగకుండా మామిడిపండు, కందికొత్త జరగకుండా కొత్త కందులు నోట పెట్టరు. పండుగ ముందు గర్భిణికి ఆ పండు తినమని చెబితే ఆమె తలూపుతుంది, తినదు. చోడి అంబలి, సామలు, కొండమీది ఆకుకూరలు వాళ్ళింట్లోనే ఉన్నాయి. వాటి నుంచే మొదలుపెట్టండి.

జ్వరం వస్తే చాలా ఇళ్ళల్లో ముందు ఊరి పూజారైన ఎజ్జోణ్ణి పిలుస్తారు. ఆయనతో పోట్లాటకు దిగితే మీరు గెలవరు, రోగి ఓడిపోతాడు. "పూజ చేసుకోండి, ఈలోగా ఒక చుక్క రక్తం ఇవ్వండి" అనండి. మలేరియా కిట్టు 20 నిమిషాల్లో చెప్పేస్తుంది. వైవాక్స్ మలేరియాకు డాక్టరు ప్రైమాక్విన్ 14 రోజులు రాస్తే, జ్వరం జారగానే మాత్రలు ఆపేస్తారు. రోజూ గుర్తుచేసే పెద్దమనిషిగా ఎజ్జోణ్ణే అడిగి చూడండి. ఊరిలో ఆయన మాటకు ఉన్న విలువ మన కరపత్రానికి లేదు.

భాష సంగతి. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారు, 1931లో వ్యాకరణం వెలువరించారు. ఆ కొండల్లో తిరిగి మలేరియా పడి, మింగిన క్వినైనుకు వినికిడి పోగొట్టుకున్నారు. మనకు అంత కష్టం అక్కరలేదు. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, తిన్నారా — ఈ మూడూ ఆ ఊరి ఆశా కార్యకర్తను అడిగి నేర్చుకోండి. తెలుగు వచ్చిన చిన్నపిల్లను దుబాసీగా నిలబెట్టి తల్లి నెలసరి గురించి అడగడం మాత్రం వద్దు. పెద్దావిణ్ణి "ఏమే" అని పిలవడం నేను చాలాసార్లు విన్నాను, విన్నప్పుడల్లా తలవంపుగా అనిపించింది. మీ ఇంట్లో అమ్మమ్మను ఎలా పిలుస్తారో అలాగే పిలవండి.

న్యూజిలాండులో ఇరిహపెటి రామ్స్‌డెన్ అనే మావోరీ నర్సు ఒక మాట పట్టుబట్టి నిలబెట్టింది: వైద్యం గౌరవంగా జరిగిందో లేదో తేల్చాల్సింది చేసినవాళ్ళు కాదు, చేయించుకున్నవాళ్ళు. 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దాన్ని నర్సుల చదువులో తప్పనిసరి చేసింది. మీరూ ఆర్నెల్లకోసారి ఊరి ఆడవాళ్ళ దగ్గర కూర్చుని "మా వల్ల ఏం ఇబ్బంది పడ్డారు?" అని అడగండి. మొదటిసారి ఎవరూ నోరు విప్పరు. మళ్ళీ అడగండి.

బదిలీ వచ్చిన రోజు రిజిస్టరు అప్పగించి బస్సెక్కేయకండి. కొత్తామెను వెంటబెట్టుకుని ఊరూరూ తిప్పండి, ఆశాకూ ఎజ్జోడికీ చూపించండి, ఇంకా ఫలితం చెప్పాల్సిన ఇళ్ళు ఏవో ఒక్కొక్క గడప దగ్గరా ఆగి చెప్పండి.