జపాను గ్రామ భూసంఘములు: కౌలుదారు భూయజమాని యైన విధము

ఏ చేను ఎవరి పేర నున్నది, దానిని ఏటేట దున్నువారెవరు, చెరువు క్రింది మడికి ఎవరు ఎంత కౌలు చెల్లించుచున్నారు అను సంగతులు రాజధానిలోని అధికారికి తెలియవు. గ్రామమున నివసించువారికి తెలియును. పెక్కు దేశములలో భూసంస్కరణ చట్టములు కాగితములకే పరిమితమగుటకు ముఖ్య కారణములలో ఒకటి, గ్రామమునకు తెలిసిన ఈ సంగతి చట్టమునకు అందకపోవుటయే. రెండవ ప్రపంచ యుద్ధానంతరము జపానులో జరిగిన భూసంస్కరణ ఇందుకు భిన్నముగా నడచినది. అచ్చట ఆ కార్యము గ్రామ సంఘముల చేతిలో నుంచబడినది. కావున పంచాయతీ సభ్యులు దానిని కొంత వివరముగా తెలిసికొనుట అవసరము.

యుద్ధకాలమునాటికి జపాను సాగుభూమిలో సుమారు 46 శాతము కౌలు క్రింద నుండెను. వరిపొలమునకు పంటలో ఇంచుమించు సగము ధాన్యరూపమున భూస్వామికి చేరుచుండెను. ఒప్పందములు చాలవరకు నోటిమాటవే. భూస్వామి యనగానే మన పూర్వపు జమీందారును తలచుకొనరాదు. అచ్చటి భూస్వాములలో అధికసంఖ్యాకులు కొలది ఎకరములు మాత్రమే గలవారు. పలువురు అదే ఊరివారు. కౌలుదారులకు ఇరుగుపొరుగువారు, ఒక్కొక్కచోట బంధువులు కూడ. ఇట్టివారి నుండి భూమి తీసికొనుట మహాసంస్థానములను రద్దుచేయుటకంటె చిక్కైన పని.

1945 ఆగస్టులో జపాను లొంగిపోయిన పిమ్మట ఆ దేశము మిత్రరాజ్యముల ఆక్రమణాధికారమునకు లోబడినది. ఆ సంవత్సరాంతమున చేసిన మొదటి చట్టము చాలదని తేలినందున, 1946 అక్టోబరులో రెండవ చట్టము ఆమోదింపబడెను. దాని ప్రకారము ఊరిలో నివసింపని భూస్వామి కౌలుభూమి యావత్తును ప్రభుత్వము కొనివేయవలెను. ఊరిలో నుండు భూస్వామి కౌలుకిచ్చిన భూమిలో ఒక ‘చో’, అనగా మన లెక్కలో సుమారు రెండున్నర ఎకరములు, ఉంచుకొనవచ్చును. స్వయముగా సాగుచేయు భూమితో కలిపి మొత్తము మూడు చోలకు మించరాదు. భూవసతి ఎక్కువగా గల ఉత్తరపు హొక్కయిడో దీవికి మాత్రము ఈ పరిమితులు నాలుగింతలు.

ఈ చట్టములో చిన్నదిగా కనబడు నిబంధన యొకటి కలదు. భూమి ఎవరి చేతిలో నున్నదో నిర్ణయించుటకు 1945 నవంబరు 23వ తేదీని ప్రమాణముగా గ్రహించిరి. చట్టము వచ్చుచున్నదని విని కౌలుదారును వెడలగొట్టి, ‘ఇది నా సొంతసాగు’ అని చెప్పబూనిన భూస్వాములు లేకపోలేదు. వెనుకటి తేదీని ఎన్నుకొనుటచే అట్టి ఎత్తుగడలు చాలవరకు వ్యర్థమైనవి.

ఇక సంఘముల సంగతి. దేశమందంతటను సుమారు 11,000 గ్రామ, పట్టణ భూసంఘములు ఏర్పడినవి. ఒక్కొక్క సంఘమున పదిమంది సభ్యులు ఎన్నుకొనబడిరి: కౌలుదారులు ఐదుగురు, భూస్వాములు ముగ్గురు, స్వంతభూమి సాగుచేసికొను రైతులు ఇద్దరు. ఒక్కొక్క వర్గమువారు తమ ప్రతినిధులను తామే ఎన్నుకొనిరి. కౌలుదారులకు సగము స్థానములు దక్కినను ఒంటిగా ఆధిక్యము లేదు. భూస్వాములకు నోరు కలదుగాని అడ్డగించుటకు బలము లేదు. మధ్యస్థులైన ఇద్దరు స్వంతరైతుల అభిప్రాయము పలుమారు తగవును తీర్చియుండును. ఈ కూర్పు మిక్కిలి ఆలోచించి చేసినదని నాకు తోచుచున్నది.

సంఘము చేయవలసిన పని సర్వే నంబరు వెంబడి సర్వే నంబరుగా నడచినది. ఏ చెక్క కొనదగినది, దానిని దున్నుచున్నవారెవరు, ఎవరికి అమ్మవలెను అని పట్టిక వ్రాసి ఊరివారి పరిశీలనకు బహిరంగముగా నుంచెడివారు. ఆక్షేపణ కలవారు సంఘమునకు, అచ్చట తీరనిచో పై సంఘమునకు చెప్పుకొనవచ్చును. కార్యాలయ పనికి ఉద్యోగులును, వాడవాడలందు సహాయకులును ఉండిరి. 1873లో ఆరంభమైన భూమిశిస్తు సంస్కరణ నాటినుండి చెక్కచెక్కకు నంబరును పటమును ఉండుట గొప్ప సౌకర్యమైనది. రికార్డు సరిగా లేని దేశము జపానును అనుకరింపబూనినచో మొదటి మెట్టువద్దనే ఆగిపోవును.

ప్రభుత్వము భూమిని కొని కౌలుదారునకు అమ్మెను. సొమ్మును 30 ఏండ్ల వాయిదాలలో చెల్లింపవచ్చును. కాని యుద్ధానంతరము ధరలు విపరీతముగా పెరిగినవి. భూమికి మొదట కట్టిన వెల పెరుగలేదు. కౌలుదారులు పలువురు బాకీని సునాయాసముగా తీర్చివేసిరి. భూస్వాములకు దక్కిన బాండ్ల విలువ కరగిపోయెను. ఇది న్యాయమైన పరిహారము కాదని వారు కోర్టుల కెక్కిరి. 1953లో జపాను సుప్రీం కోర్టు ప్రభుత్వ పక్షమున తీర్పు చెప్పెను. అయినను భూస్వాముల మనస్తాపము అంతటితో చల్లారలేదు.

ఇదే కాలమున తైవాను మరియొక త్రోవ త్రొక్కినది. 1949లో కౌలును ప్రధాన పంటలో 37.5 శాతమునకు తగ్గించి, 1953లో దున్నువానికి భూమి చట్టము చేసెను. భూమి వెల ప్రధాన పంట వార్షిక దిగుబడికి రెండున్నర రెట్లు. అందులో 70 శాతము ధాన్యము లేక చిలగడదుంప లెక్కలో చెల్లు బాండ్లుగాను, 30 శాతము ప్రభుత్వ పరిశ్రమల వాటాలుగాను ఇచ్చిరి. ధరలు పెరిగినను ధాన్యపు బాండు విలువ కరగదు. ఈ విషయమున తైవాను పద్ధతియే మెరుగు.

జపానులో 1950 నాటికి కౌలుభూమి సుమారు పదవవంతునకు దిగినది. మిగిలిన కౌలు ధాన్యరూపము నుండి నగదుకు మారెను. దాదాపు 20 లక్షల హెక్టార్లు చేతులు మారినవి. అడవులు మాత్రము ఈ చట్టము క్రిందకు రాలేదు. కొండప్రాంతపు పెద్ద యజమానుల పలుకుబడి నిలిచియే యుండెను. భూమిలేని కూలీలకును పెద్దగా ఒరిగినది లేదు, ఏలనన అమ్మకము అప్పటికే దున్నుచున్నవారికే.

పిమ్మట 1952 వ్యవసాయ భూచట్టము క్రయవిక్రయములకును కౌళ్లకును అనుమతి అవసరమని శాసించెను. అనగా భూమి మరల కొద్దిమంది చేతులలోనికి పోకుండ కట్టిన గట్టు అది. ఆ గట్టే తరువాత ఇక్కట్టును తెచ్చినది. కౌలుదారునకు బలమైన రక్షణ యుండుటచే, ఇచ్చిన భూమి తిరిగి రాదను భయమున యజమానులు కౌలుకిచ్చుట మానిరి. కమతములు చిన్నవిగానే నిలిచినవి. యువకులు పట్టణముల కేగిరి. 2015 గణనలో సాగు విడిచిన భూమి 4 లక్షల హెక్టార్లు దాటినది. 2020 నాటికి ప్రధానముగా వ్యవసాయమే చేయువారి సగటు వయస్సు 67 ఏండ్లు మించెను. 1980 మొదలు చట్టములు కౌలును సులభము చేయుచు వచ్చినవి. 2014లో భూమిని యజమానుల వద్ద గ్రహించి సాగుదార్లకు కౌలుకిచ్చు సంస్థలు ఏర్పడినవి.

జపాను సంస్కరణకు సలహాదారైన వూల్ఫ్ లడెజిన్స్కీ అను అమెరికా ఆర్థికవేత్త 1960లలో మన దేశమునకు వచ్చి, ప్యాకేజీ జిల్లాల కౌలు పరిస్థితులను పరిశీలించెను. వానిలో పశ్చిమ గోదావరి యొకటి. ఆయన ఇచ్చట కూడ గ్రహించినది నోటిమాట కౌలు సంగతియే.

మన చట్టములకు కొరత లేదు. హైదరాబాదు కౌలుదారీ చట్టము 1950లో వచ్చెను. అందు 1954 సవరణచే చేరిన 38-ఇ విభాగము రక్షిత కౌలుదారులకు యాజమాన్యము కల్పించుటకు ఉద్దేశింపబడినది. ఆంధ్రప్రదేశ్ మొదటి గరిష్ఠ పరిమితి చట్టము 1961 నాటిది. దాని తరువాతి 1973 చట్టము కుటుంబమునకు తరి 10 నుండి 27 ఎకరములు, మెట్ట 35 నుండి 54 ఎకరములు అని పరిమితి నిర్ణయించి, 1971 జనవరి 24 తరువాతి బదిలీలను అనుమానముతో చూచినది. అప్పటికి మొదటి చట్టము వచ్చి పదేండ్లు గడచినవి. పంపకములకు, దస్తావేజులకు ఆ పదేండ్లు చాలును.

1950 నాటి రక్షిత కౌలుదారు పేరు పహాణీ యందైనను ఉండెను. నేటి కౌలుదారు పేరు పలుచోట్ల ఎచ్చటను లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టము 11 నెలల ఒప్పంద పత్రమునకు వీలు కల్పించెను. దానికి యజమాని సంతకము కావలెను. భూమి పోవునను భయమున పలువురు సంతకము చేయలేదు. బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారము ఆ సంతకముతో ముడిపడియున్నవి. ఆ చేను ఎవరు దున్నుచున్నారో మాత్రము ఊరిలో అందరికిని తెలిసినదే.